గోటితో గీకి చూడటం

లేనా నది మంచు పగిలి వెళ్ళిపోయిన రెండో వారం
రేవు పక్కన నా బల్ల వేస్తాను.
పాత రంగు డబ్బాల్లో మొక్కలు,
అట్టముక్కల మీద బొగ్గుతో ధరలు.
జనం ఫోనుల్లో బొమ్మలు పట్టుకొస్తారు.
ఎక్కడో వెచ్చటి ఊళ్ళో గోడంతా పాకిన గులాబీ.
"ఇదుందా, తుయారా?"

ఉంటే మాత్రం?
నేను మొక్క సంగతి ముందు ఎత్తను.
గాలి మీ ఇంటిని ఏ మూల నుంచి కొడుతుంది,
కంచె వారన మంచు మోకాలి దాకా నిలుస్తుందా
ఊడ్చుకుపోతుందా,
మీ కుక్క ఎక్కడ పడుకుంటుంది, అని అడుగుతాను.
కుక్కకు తెలుసు. అది వీపు ఆనించిన చోట నాటండి.
నవ్వుతారు. నవ్వనీ.

ఇక్కడ నేల లోతు నా చెయ్యంత.
అడుగున మంచు, తాతల తాతలకన్నా పాతది,
మూడు నెలల ఎండ తట్టినా ఆ తలుపు తియ్యదు.
వేరు కిందికి దిగి, తల కొట్టుకుని
పక్కకు తిరుగుతుంది.
పక్కకు తిరగడం వచ్చిన వేర్లే నా దగ్గరున్నవి.

జిమొలోస్త్ తీసుకోండి,
పూత మీద మంచు రాలినా విసుక్కోదు,
జులైలో పిల్లల నాలుకలన్నీ నీలం.
అడవిగులాబీ తీసుకోండి,
రేకులు ఐదే, ముళ్ళకు లెక్కలేదు,
ఎవరూ చూడకపోయినా ఎర్రగా కాస్తుంది.
ఆపిల్ కావాలంటే మాత్రం
లేతగా ఉన్నప్పుడే వంచి, మేకు దిగ్గొట్టి,
నేల మీద పడుకోవడం నేర్పాలి.
పడుకున్నది మంచు కప్పుకుని బతుకుతుంది,
నిలబడ్డది పోతుంది.
ఇందులో నీతి ఏమీ లేదు,
మంచు ఎత్తెంతో అంతే లెక్క.

ఫెర్రీలో ఇంజను చూసే గవ్రీల్‌కి
ఈ లెక్క ఏడేళ్ళుగా చెబుతున్నాను.
వాళ్ళావిడ అకులీనా ఒప్పుకోలేదు.
"చెట్టన్నాక నిలబడొద్దూ?
పడుకోవడానికి మనం లేమా?"
ప్రతి జూన్‌లో ఒక ఆపిల్ మొక్క,
ప్రతి సెప్టెంబర్‌లో దానికి గోనెపట్టా, పాత కోటు, ఒకసారి దుప్పటి కూడా,
ప్రతి మేలో గోటితో బెరడు గీకితే
టీ మరకలాంటి గోధుమరంగు.
మొదటేడు హెచ్చరించాను.
రెండో ఏడు పోట్లాడాను.
మూడో ఏటి నుంచి సగం ధరకిచ్చి ఊరుకున్నాను.
ఆ తొంభై రోజులూ ఆమె
చెట్టు పక్కన స్టూలు వేసుకుని
అర్ధరాత్రి వెలుగులో చేపలు శుభ్రం చేసేదట.

ఫిబ్రవరిలో ఆమె పోయింది.
గొయ్యి తవ్వడానికి మూడు రోజులు నిప్పు పెట్టారు,
కాలిన మేర తవ్వడం, మళ్ళీ కట్టెలు పేర్చడం.
నేనూ ఒక మోపు తీసుకెళ్ళాను.

మొన్న వచ్చాడు.
ఎప్పటిలాగే ఒక ఆపిల్ మొక్క
పక్కకు తీసి ఉంచాను, అన్నిటికన్నా నిటారైనది.
దానివైపు చూడలేదు.
"బతికేది ఏదైనా ఇవ్వు" అన్నాడు.

అడవిగులాబీ డబ్బా ముందుకు జరిపాను.
కొమ్మ గోటితో గీకాడు. పచ్చగా ఉంది.
పక్క డబ్బా తీసి గీకాడు. పచ్చగా ఉంది.
వరసలో ఉన్నవన్నీ గీకుతూ పోయాడు,
ఆకులు నిండుగా ఉన్నవాటిని కూడా.
వెనక నిలబడ్డ ఆడవాళ్ళు గొణుగుతున్నారు.
సరుకు పాడుచేస్తున్నావని నేను అనలేదు.
చివరికి మొదటిదే తీసుకుని
పూర్తి ధర బల్ల మీద పెట్టాడు.

ఆపిల్ మొక్క మిగిలిపోయింది.
ఇంటికి తెచ్చి
కుక్క పడుకునే చోట పాతాను.
కుక్క అలిగి మెట్ల కిందికి మారింది.
వంచాలా, అలాగే వదిలెయ్యాలా
ఇంకా అనుకోలేదు.
సెప్టెంబర్ దాకా టైముంది.